మాట రాగం ఎత్తుకునే చోటు

మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసాన్ని నేను మొదట చదివాను. వినడం చాలా ఏళ్ల తర్వాత జరిగింది. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో మా ఇంగ్లీషు మాస్టారు 'ఐ హావ్ ఎ డ్రీమ్' ప్రసంగ పాఠాన్ని సైక్లోస్టైల్ చేయించి తరగతిలో పంచిపెట్టారు. అలంకారాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి కింద గీతలు గీయమన్నారు, గీశాము. వరుస వాక్యాలు ఒకే మాటతో మొదలైతే దాన్ని ఏమంటారో రాస్తే రెండు మార్కులు. ఆ పలచటి కాగితం మీద అది చక్కగా కూర్చిన వ్యాసంలాగానే కనిపించింది తప్ప, 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు ఎండలో నిలుచున్న దాదాపు రెండున్నర లక్షల మందిని కదిలించిన మాట ఇదేనా అంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లోనే, కాలేజీతో సంబంధం లేకుండా, నా చెవికి వేరే చదువు ఒకటి నడుస్తూ ఉండేది. తెనాలి దగ్గర మా పెదనాన్నగారింట్లో పాత వాల్వు రేడియో ఉండేది. స్విచ్చి వేశాక లోపల వేడెక్కి దానికి గొంతు పెగలడానికి కొంత సమయం పట్టేది. రాత్రి భోజనాలయ్యాక దాన్ని షార్ట్‌వేవ్‌కు తిప్పి వాయిస్ ఆఫ్ అమెరికా పట్టుకునేవాళ్లం. 1955లో మొదలైన విల్లిస్ కానోవర్ జాజ్ కార్యక్రమానికి అప్పటికే ప్రపంచమంతటా శ్రోతలు ఉన్నారు. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయించిన బాణీతో కార్యక్రమం మొదలయ్యేది, ఆ తర్వాత కానోవర్ గొంతు వచ్చేది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు కూడా అందుకోవాలని ఆయన ఒక్కొక్క మాటనూ విడదీసి, బరువైన గొంతుతో, ఏ తొందరా లేకుండా పలికేవాడు. శబ్దం కాసేపు మా పక్కనే కూర్చున్నట్టు వినిపించి, కాసేపటికి ఎక్కడికో వెళ్లిపోయి, మళ్లీ వచ్చేది. మా పెదనాన్నగారికి సాక్సఫోను అంటే ఇష్టమూ లేదు, ద్వేషమూ లేదు. ఆయన కానోవర్ కోసమే అక్కడ కూర్చునేవారు. "వీడెవడో గానీ, పాట ఆపి మాట్లాడినా శ్రుతి తప్పడం లేదురా" అనేవారు.

ఆ మాట అనగలిగిన చెవి ఆయనకు హరికథల వల్ల వచ్చింది. మా వైపు శ్రీరామనవమి పందిళ్లలో హరికథ లేని సంవత్సరం ఉండేది కాదు. దాసుగారు వచనం చెబుతున్నంతసేపూ హార్మోనియం శ్రుతి వెనకాల నిలబడే ఉండేది. ఆయన కథ చెబుతున్నట్టే ఉండి, వాక్యం చివర ఒక అక్షరాన్ని కాస్త పొడిగించి, దాన్ని షడ్జమం మీదో పంచమం మీదో ఆనించి, ఊపిరి తీసుకునే లోపే కీర్తనలోకి వెళ్లిపోయేవారు. మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. పెదనాన్నగారు మాత్రం నా మోచేయి తట్టి "ఇదిగో, ఇక్కడ ఎత్తుకున్నాడు చూడు" అని ఆ చోటు చూపించేవారు. మొదట్లో నాకు ఆ తట్టడమే తెలిసేది, చోటు తెలిసేది కాదు. రెండు మూడు వేసవులు గడిచాక చోటు ముందుగా తెలియడం మొదలైంది: గొంతు ఎత్తుకోబోయే ముందు వాక్యాలు కురచవుతాయి, పలికిన మాటే మళ్లీ పలుకుతారు, చిరతలు అప్పటిదాకా ఊరకే ఉన్నవి కాస్త కదులుతాయి.

బుర్రకథది మరో పద్ధతి. నాజర్ గారి కథలు విన్న జిల్లా మాది కనుక ఆ కళ గురించి ఎవరికీ చెప్పవలసిన పని లేదు. కథకుడు ఒక్కడు, వంతలు ఇద్దరు. కథకుడి పాదం ముగిసీ ముగియకముందే వంతలు 'తందాన తాన' అని అందుకుంటారు, ఒకరు హాస్యం ఆడతారు, మరొకరు రాజకీయం మాట్లాడతారు. ఆ అందుకోవడం లేకపోతే కథకుడికి ఊపిరి తిరగదు, తర్వాతి పాదానికి ఊపు రాదు. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊ కొట్టకపోతే మా నాయనమ్మ కథ ఆపేసేది. బుర్రకథలో ఆ ఊ కొట్టే పనిని వేదిక మీదికి ఎక్కించి, దానికి డక్కీ ఇచ్చి నిలబెట్టారన్నమాట.

ఇంత చెవి సిద్ధమై ఉన్నాక, 1980ల మొదట్లో మా బావ డెట్రాయిట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన క్యాసెట్టు నా చేతికి వచ్చింది. ఒకవైపు కింగ్ వాషింగ్టన్ ఉపన్యాసం, రెండోవైపు రెవరెండ్ సి.ఎల్. ఫ్రాంక్లిన్ అనే డెట్రాయిట్ బోధకుడి ప్రసంగం. ఫ్రాంక్లిన్ అంటే గాయని అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి. రేడియోలోనూ గ్రామఫోను రికార్డుల మీదా ఆయన ప్రసంగాలను పాటల మాదిరిగానే జనం కొనుక్కుని వినేవారని బావ చెప్పాడు. నేను ముందుగా కింగ్ వైపు పెట్టాను. డిగ్రీలో గీతలు గీసిన వాక్యాలన్నీ వరుసగా వస్తున్నాయి. చెల్లని చెక్కు పోలిక వచ్చింది, 'ఇదే సమయం' అన్న మాట మళ్లీ మళ్లీ వచ్చింది. గొంతు గంభీరంగా ఉంది, ఉచ్చారణ నిండుగా ఉంది. అయినా చదువుతున్న మనిషి చదువుతున్నట్టే ఉంది. మిసిసిపీకి తిరిగి వెళ్లండి, అలబామాకు తిరిగి వెళ్లండి అని ఊళ్ల పేర్లు మొదలయ్యేసరికి వాక్యాలు కురచయ్యాయి. పెదనాన్నగారు పక్కన ఉంటే నా మోచేయి తట్టి ఉండేవారు. కొద్ది క్షణాల్లోనే కల గురించిన ఆ మాట వచ్చింది, అక్కడి నుంచి చివరిదాకా ఆయన చదవలేదు.

తర్వాత చదివి తెలుసుకున్న సంగతులు ఆ అనుభవాన్ని బలపరిచాయి. క్లారెన్స్ జోన్స్ వంటి సన్నిహితులు చిత్తుప్రతికి సాయం చేశారు. ముందురోజు రాత్రి విల్లార్డ్ హోటల్లో చర్చలు జరిగాయి. కల మాట అరిగిపోయింది, ఈసారి వద్దని సహచరుడు వయాట్ వాకర్ సలహా ఇచ్చాడు. అందుకే రాతప్రతిలో అది లేదు. ఉపన్యాసం నడుస్తుండగా, అంతకు ముందే అదే వేదిక మీద పాడి కూర్చున్న మహాలియా జాక్సన్, కింగ్‌కు వినపడేలా "ఆ కల సంగతి చెప్పు మార్టిన్" అని కేక వేసిందని జోన్స్ రాశారు. మహాలియా గాస్పెల్ గాయని, అంటే చర్చి భక్తిగీతాలు పాడే మనిషి. చర్చిలో బోధకుడు ఎక్కడ ఎత్తుకోవాలో, ఎప్పుడు ఇంకా ఎత్తుకోకుండా తాత్సారం చేస్తున్నాడో ఆమెకు తెలిసినంతగా ఉపన్యాస రచయితలకు తెలియదు. వంత అందించింది, కథకుడు అందుకున్నాడు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆ భాగమంతా అప్పటికప్పుడు ఆకాశం నుంచి ఊడిపడిందని మురిసిపోతారు. అది నిజం కాదు. 1962 నవంబరులో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో ఆయన ఆ పల్లవి పలికాడు. వాషింగ్టన్‌కు రెండు నెలల ముందు, 1963 జూన్ 23న, డెట్రాయిట్‌లో సి.ఎల్. ఫ్రాంక్లిన్ ముందుండి నడిపిన ఊరేగింపు వుడ్‌వర్డ్ అవెన్యూ వెంట సాగి కోబో హాలు చేరిన తర్వాత, అక్కడ కూడా అదే కలను విస్తారంగా చెప్పాడు. ఆ ప్రసంగాన్ని మోటౌన్ కంపెనీ ఎల్పీ రికార్డుగా కూడా విడుదల చేసింది. తాను చాలాసార్లు వాడినదేనని, ఉన్నట్టుండి ఇక్కడ కూడా వాడాలనిపించిందని కింగ్ స్వయంగా తర్వాత చెప్పాడు. అయితే దీనివల్ల ఆ క్షణం విలువ తగ్గుతుందని అనుకునేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. కచేరీలో విద్వాంసుడు నెరవల్ చేసేటప్పుడు, అంటే ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడేటప్పుడు, ఆ పాదం పాతదే, రాగం పాతదే, ఆయన వేళ్లకూ గొంతుకూ అలవాటైన సంగతులు కూడా చాలావరకు పాతవే. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నదే ఆ రోజుది. జాజ్ వాద్యకారుడి మనోధర్మం కూడా సరిగ్గా ఇదే: పల్లవిలాంటి ఒక బాణీని అందరూ కలిసి వాయిస్తారు, తర్వాత ఆ బాణీకి ఆధారమైన స్వరసముదాయాల క్రమం మీద ఒక్కొక్కరూ తమ ఆవర్తాలు అల్లుకుపోతారు, ప్రతివాడి సంచిలోనూ ఏళ్లుగా పోగుచేసుకున్న పలుకుబళ్లు ఉంటాయి. ఏమీ పోగు చేసుకోనివాడు అప్పటికప్పుడు అల్లేదీ ఏమీ ఉండదు.

ఆ క్యాసెట్టును వెనక్కీ ముందుకీ తిప్పి విన్న కొద్దీ నాకు దొరికిన సూక్ష్మం ఒకటి ఉంది. కాగితం మీద 'నాకొక కల ఉంది' అన్నది పేరా మొదట్లో అచ్చవుతుంది. విన్నప్పుడు అది ఎప్పుడూ మొదట్లో ఉండదు. చప్పట్లు ఇంకా తగ్గకముందే ఆయన ఆ మాటను వాటి మీద వేసి, ముందు వాక్యానికి తోకలాగా అంటించి, అక్కడ ఆగుతాడు. 'ఏదో ఒక రోజు' అన్నది మరో ఊపిరిలో వస్తుంది. 'స్వాతంత్ర్యం మోగనివ్వండి' అని కొండల పేర్లు చెప్పే చోటా అంతే. న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కొలరాడో, కాలిఫోర్నియా దాకా పోయి, 'అంతే కాదు' అని ఒక్క మాటతో మలుపు తిప్పి, జార్జియా, టెనెసీ, మిసిసిపీ అని దక్షిణాది కొండల మీదికి దిగుతాడు. పల్లవి ఏ కొండ పేరుకు ముందుందో, ఏ పేరుకు వెనక ఉందో తెలియనంతగా రెంటినీ కలిపేస్తాడు. తాళం దెబ్బ మీద కాకుండా దానికి రవ్వంత ముందో వెనకో ఎత్తుకోవడాన్ని మనవాళ్లు అతీతం, అనాగతం అంటారు. జాజ్ ప్రాణమంతా ఆ రవ్వంత తేడాలోనే ఉంటుంది. మా మాస్టారు రెండు మార్కులు పెట్టిన అలంకారం ఆ తేడాను చెప్పలేదు, చెప్పజాలదు కూడా.

క్యాసెట్టు రెండోవైపు మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, సంతోషంతో. ఫ్రాంక్లిన్ మొదట మాస్టారులాగా బైబిలు వాక్యాన్ని వివరిస్తాడు. సగం దాటాక గొంతు ఒక స్థాయిలో నిలబడిపోతుంది, వాక్యాల చివర ఊపిరి శబ్దమే తాళమవుతుంది, ఆ తర్వాత మాట ఏదో స్వరం మీద తప్ప మరెక్కడా నిలవదు. వాళ్ల చర్చిల్లో దీన్ని 'హూపింగ్' అంటారు. ఫ్రాంక్లిన్ చెబుతున్నది హరికథ కాదని ఎవరైనా అంటే పెదనాన్నగారు ఒప్పుకునేవారు కాదేమో! అప్పటికి ఆయన లేరు.

కొన్నేళ్లకు బావ దగ్గరికి డెట్రాయిట్ వెళ్లినప్పుడు, ఆదివారం పూట అక్కడి నల్లజాతీయుల చర్చి ఒకదానికి తీసుకెళ్లమని అడిగాను. బావతో పాటు ఆసుపత్రిలో పనిచేసే ఒక పెద్దాయన మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. తెల్లటి దుస్తులు వేసుకున్న ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి, ఉక్కపోతగా ఉందని అట్ట విసనకర్రలు చేతికిచ్చారు. వాటి వెనక అంత్యక్రియలు నిర్వహించే దుకాణం ప్రకటన అచ్చు వేసి ఉంది. నేను బోధకుడిని చూడడం మానేసి హామండ్ ఆర్గన్ దగ్గర కూర్చున్న కుర్రవాణ్ణి చూస్తూ ఉండిపోయాను. అతని చూపు మెట్ల మీద లేదు, బోధకుడి పెదవుల మీద ఉంది. ప్రసంగం మొదలైన చాలాసేపటిదాకా అతను చేతులు ఒళ్లో పెట్టుకునే ఉన్నాడు. వాక్యాలు కురచవుతున్న తరుణంలో ఒక్క మెట్టు నొక్కి చూశాడు, అది కాదనుకుని పక్కది నొక్కాడు. బోధకుడి గొంతు ఏ శ్రుతిలో నిలబడబోతోందో పట్టుకున్నాడు. అక్కడి నుంచి బోధకుడు ఆగిన చోటల్లా రెండు మూడు స్వరాలతో ఖాళీ పూరించాడు, ఆయన మాట్లాడుతుంటే తప్పుకున్నాడు. నా పక్కనున్న పెద్దాయన "వెల్" అని ఒకసారి, "చెప్పు, చెప్పు" అని మరోసారి అంటున్నాడు. అవి ఎక్కడపడితే అక్కడ పడటం లేదు, మన సభల్లో 'శభాష్' పడే చోటే పడుతున్నాయి. బుర్రకథకు వంతలు ఇద్దరే. అక్కడ హాలు హాలంతా వంతలే.

ఈ సంగతి తెలిశాక కింగ్ ఉపన్యాసాల్లో నాకు వాషింగ్టన్‌ది కంటే మెంఫిస్‌ది ఎక్కువ ఇష్టమైంది. 1968 ఏప్రిల్ 3 రాత్రి అది. సమ్మెలో ఉన్న పారిశుద్ధ్య కార్మికుల కోసం మేసన్ టెంపుల్‌లో సభ. గాలివాన, జనం పెద్దగా రారని ఆయన హోటల్లోనే ఉండిపోయి మిత్రుడు అబర్నతీని పంపితే, వచ్చినవాళ్లు నీకోసమే వచ్చారు, రమ్మని అబర్నతీ ఫోను చేశాడు. కాగితం లేకుండా మాట్లాడాడు. రికార్డింగులో హాలు ఆయనతో పాటు మాట్లాడుతూ ఉంటుంది, ప్రతి వాక్యానికీ బదులు వస్తుంది, ఆ బదులు బలాన్ని బట్టి తర్వాతి వాక్యం పొడుగవుతుందో కురచవుతుందో తేలుతుంది. చివర ఒక పాత కీర్తన తొలి పాదం పలికి, రెండో పాదం ఎత్తుకోకుండానే వెనక్కి తిరిగిపోయాడు. రాతలో దీన్ని అసంపూర్ణ ముగింపు అనాలి. విన్నవాళ్లకు ఆ కీర్తన మిగతా భాగం వచ్చు కాబట్టి ముగింపు వాళ్ల దగ్గర ఉంది.

మర్నాడు సాయంత్రం లొరెయిన్ మోటెల్ బాల్కనీ మీద నిలబడి ఆయన చివరగా మాట్లాడింది కూడా ఒక వాద్యకారుడితోనే. ఆ రాత్రి సభలో వాయించవలసిన బెన్ బ్రాంచ్ అనే సాక్సఫోను కళాకారుణ్ణి పిలిచి, థామస్ డార్సీ రాసిన 'ప్రెషస్ లార్డ్' కీర్తన బాగా వాయించమని అడిగాడు. వెంటనే తుపాకి పేలింది.

కింగ్‌కు జాజ్ గురించి స్పష్టమైన అభిప్రాయం ఉండేది. 1964 బెర్లిన్ జాజ్ ఉత్సవానికి రాసిన ముందుమాటలో, నల్లజాతీయుల పాట అయిన బ్లూస్ బతుకులోని కష్టాలను చెబుతుందని, అత్యంత కఠినమైన వాస్తవాలను సంగీతంలో పెట్టి కొత్త ఆశతో బయటికి రావడమే అందులోని విశేషమని అన్నాడు. బ్లూస్ నిర్మాణమే ఉపన్యాస నిర్మాణం. పన్నెండు బార్లలో, అంటే పన్నెండు తాళ ఖండాల్లో, ఒక పాదం చెబుతారు, అదే పాదాన్ని మళ్లీ చెబుతారు, మూడో పాదంలో దానికి జవాబు చెబుతారు. పాదానికీ పాదానికీ మధ్య గొంతు వదిలిన జాగాలో వాద్యం మాట్లాడుతుంది. వాద్యకారులు కూడా తమ పనిని మాటగానే భావించారు. లెస్టర్ యంగ్ పాట సాహిత్యం తెలియకుండా ఆ పాటను సాక్సఫోను మీద వాయించడం సరికాదనేవాడు. బాగా వాయించినవాణ్ణి వాళ్లు 'కథ చెప్పాడు' అని మెచ్చుకుంటారు. మనవాళ్లు వయొలిన్ 'మాట్లాడింది' అనడం లేదా?

ఇక జాజ్ సాక్సఫోను కళాకారుడు జాన్ కోల్ట్రేన్. ఆయన తాతలిద్దరూ చర్చి బోధకులే. 1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతీయుల చర్చి మీద బాంబు వేసి నలుగురు బాలికలను చంపారు. మూడు రోజుల తర్వాత జరిగిన అంత్యక్రియల్లో కింగ్ మాట్లాడాడు. నవంబరు 18న కోల్ట్రేన్ 'అలబామా' రికార్డు చేశాడు. కింగ్ ప్రసంగపు నడకనే ఆయన సాక్సఫోనులోకి మార్చాడని చాలామంది రాశారు. విజయవాడలో ఉండే నా మిత్రుడొకరు మృదంగ విద్వాంసుడు. ఆయనకు వినిపిద్దామని ప్రసంగ పాఠం కూడా తీసుకుని వెళ్లాను. పియానో కింద మందంగా అదురుతూ శ్రుతిలాగా నిలబడి ఉంటే, పైన తాళం లేకుండా సాక్సఫోను నడుస్తుంది. ఆయన కళ్లు మూసుకుని విని, "నాగస్వరం ఆలాపనలాగా ఉందండీ. కాకపోతే ఈయన రాగం పాడటం లేదు, ఎవరితోనో చెబుతున్నాడు" అన్నారు. పాఠం ముందు పెట్టుకుని ఇద్దరం మళ్లీ విన్నాం. నడక పోలిందనిపించిన చోట్లు ఉన్నాయి గానీ, మాటకు మాట సరిపోయిన చోటు మాకు చిక్కలేదు. ఆ ప్రచారాన్ని నేను అప్పటి నుంచి సగమే నమ్ముతున్నాను.

కోల్ట్రేన్ 1964 డిసెంబరులో రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' చివరి భాగం మాత్రం అనుమానానికి తావివ్వదు. ఆ ఎల్పీ అట్ట మీద ఆయన రాసిన ప్రార్థన అచ్చయి ఉంది. ఆ ప్రార్థనను అక్షరం వెంట అక్షరంగా సాక్సఫోను మీద పలికాడని సంగీత పరిశోధకుడు లూయిస్ పోర్టర్ నిరూపించాడు. పాడేవాళ్లెవరూ లేరు, మాటలు వినపడవు. కాగితం చేతిలో పెట్టుకుంటే ఎక్కడ ఏ మాట నడుస్తోందో వేలితో చూపించవచ్చు. దేవుడికి కృతజ్ఞతలు చెప్పే పాదం చాలాసార్లు ఆధార స్వరానికి దిగి ఆగుతుంది, బోధకుడు ఆమెన్‌కు దిగినట్టు. మిత్రుడు మొదటి రెండు పంక్తులు నా వేలి వెంట చూశారు. మూడో పంక్తి నుంచి నా చెయ్యి తోసేసి తన వేలు పెట్టుకున్నారు. మధ్యలో ఒకచోట నేను వెనకబడితే "మీరు ఇంకా అక్కడే ఉన్నారా, ఆయన కింది పాదంలోకి వెళ్లిపోయాడు" అన్నారు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు, ఈసారి మృదంగం దగ్గరికి జరుపుకుని. వాయించలేదు. తొడ మీద కుడిచేతి వేళ్లతో అక్షరాలు మాత్రం లెక్క పెట్టుకున్నారు. వచ్చేటప్పుడు ఆ కాగితం జిరాక్సు తీయించి ఇచ్చి పొమ్మన్నారు, శిష్యులకు చూపించాలట.